మీకు తెలుసా? హైడ్ ముందే అక్కడున్నాడు

స్టీవెన్‌సన్ 1886లో ప్రచురించిన, జెకిల్ హైడ్‌గా మారే కథను రూబెన్ మమూలియన్ 1931లో సినిమాగా తీశాడు. అందులో జెకిల్ పాత్రధారి ఫ్రెడ్రిక్ మార్చ్ ముఖం ఎక్కడా కట్ లేకుండా, మన కళ్లముందే మారడం మొదలవుతుంది. కిటుకంతా రంగుల్లోనే ఉంది. సినిమా నలుపు తెలుపు కదా, ముఖం మీద నీడలు, ముడతలు ఎర్ర రంగుతో ముందే దిద్దేశారు. లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ ఉన్నంతసేపూ అవి చర్మంలో కలిసిపోతాయి. ఫిల్టర్ మారేకొద్దీ అవే నల్లగా పైకి తేలతాయి. అంటే హైడ్ ఎక్కడినుంచో రాలేదు, మొదటినుంచీ జెకిల్ ముఖం మీదే ఉన్నాడు! కథ ఆయువుపట్టును ఇంత చక్కగా పట్టుకున్న ట్రిక్కు మరొకటి నేను చూడలేదు. ఆ నటనకు మార్చ్‌కు ఆస్కార్ కూడా వచ్చింది.

వేషం మార్పులు మనకూ పాతవే. 16వ శతాబ్దపు ‘కళాపూర్ణోదయం’లో పింగళి సూరన కలభాషిణి అనే పాత్రకు ఏకంగా రంభ రూపమే ఇచ్చాడు.

‘రాముడు భీముడు’ (1964) సినిమా దారి వేరు. పిరికితనం రాముడికి, తెగువ భీముడికి పంచారు; ఇద్దరూ ఎన్టీఆరే. తర్వాత తమిళంలో ఎం.జి.ఆర్., హిందీలో దిలీప్ కుమార్ ఆ పాత్రలు చేశారు. జెకిల్‌ను హైడ్ మింగేస్తాడు. భీముడు మాత్రం రాముడి ఇంటికొచ్చి, అతణ్ని కొట్టిన బావకు అదే కొరడాతో బుద్ధి చెబుతాడు.