పాల డబ్బు – పిల్లల చదువు: సుకన్య సమృద్ధి ఖాతా గూర్చి కొన్ని వివరాలు

పాడి రైతు ఇంట్లో ఖర్చు ఎక్కువగా ఉండే నెల జూన్. బడులు, కళాశాలలు తెరిచేది అప్పుడే. ఫీజులు, పుస్తకాలు, బట్టలు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. పాల రాబడి తక్కువగా ఉండేది కూడా ఆ రోజుల్లోనే. వేసవిలో పచ్చిమేత ఉండదు, గేదెలు చాలావరకు వట్టిపోయి ఉంటాయి. అందుచేత ఫీజు కోసం అప్పు చేయడమో, చూలు గేదెను తెగనమ్మడమో జరుగుతున్నది. పదో తరగతి పాసయిన ఆడపిల్లను ఇక చాలని ఇంట కూర్చోబెట్టడానికీ చాలాసార్లు ఇదే కారణం.

పాలు దండిగా ఉన్న శీతాకాలపు నెలల్లో కొంత తీసి పక్కన పెట్టడమే దీనికి మార్గం. ఇందుకు ఉపయోగపడే ఒక ప్రభుత్వ పథకం గూర్చి సభ్యులు సంఘాల సమావేశాల్లో తరచు అడుగుతున్నందున ఆ వివరాలు ఇక్కడ ఇస్తున్నాము.

ఖాతా ఎవరి పేర తెరవవచ్చు?

సుకన్య సమృద్ధి పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2015 జనవరిలో ప్రారంభించింది. పదేళ్ళు నిండని ఆడపిల్ల పేర తపాలా కార్యాలయంలోగాని, అనుమతి గల బ్యాంకులోగాని ఖాతా తెరవవచ్చు. పిల్లకు ఒకటే ఖాతా, కుటుంబానికి రెండు ఖాతాలు. కవలలు పుట్టినప్పుడు మాత్రం నిబంధనల ప్రకారం సడలింపు ఉంటుంది.

పిల్ల జనన ధ్రువపత్రం, తల్లి లేక తండ్రి ఆధార్, పాన్ కార్డులు తీసుకుని వెళ్ళాలి. తాతలు, అమ్మమ్మలు మనుమరాలి పేర తామే తెరవవచ్చునా అని కొందరు అడిగారు. కూడదు. తల్లిదండ్రులు లేక చట్టబద్ధమైన సంరక్షకులు మాత్రమే తెరవాలి. తాతగారు డబ్బు ఇవ్వవచ్చు, ఖాతా మాత్రం తల్లిదండ్రుల ద్వారానే నడవాలి.

ఎంత కట్టాలి?

ఏడాదికి కనీసం 250 రూపాయలు, గరిష్ఠం లక్షన్నర. నెలనెలా ఇంత కట్టాలనే నిర్బంధం లేదు. పాడి రైతుకు ఇది చాలా అనుకూలం. గేదె ఈనిన నెలల్లో ఎక్కువ కట్టి, వట్టిపోయిన నెలల్లో మానుకోవచ్చు. ఒక ఏడాది కనీస మొత్తం కూడా కట్టకపోతే, తర్వాత ఆ బకాయితోపాటు ఏడాదికి 50 రూపాయల అపరాధ రుసుము చెల్లించి ఖాతాను పునరుద్ధరించుకోవచ్చు.

ఖాతా తెరిచిన నాటినుంచి 15 ఏళ్ళు కట్టాలి. 21 ఏళ్ళకు గడువు తీరుతుంది. మధ్యలో ఆరేళ్ళు కట్టనక్కరలేదు, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

వడ్డీని ప్రతి నెలా 5వ తేదీ మొదలు నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వపై లెక్కిస్తారు. కాబట్టి 5వ తేదీలోపు కట్టిన డబ్బుకు ఆ నెల వడ్డీ వస్తుంది, 6న కడితే రాదు. పాల బిల్లు చేతికి రాగానే కట్టడం మేలు.

ఎంత వస్తుంది?

వడ్డీ రేటును ప్రభుత్వం మూడు నెలలకొకసారి ప్రకటిస్తుంది. 2024 జనవరిలో అది 8.2 శాతంగా నిర్ణయమైంది. ఇది మారవచ్చు గనుక కట్టేముందు విచారించుకోవాలి.

నెలకు 500 రూపాయలు అంటే రోజుకు సుమారు 17 రూపాయలు. గేదె పాలు పోసే ఇంటికి అది అర లీటరు ధర కూడా కాదు. ఆ ప్రకారం 15 ఏళ్ళు కడితే మన సొమ్ము 90 వేలు అవుతుంది. 8.2 శాతమే చివరిదాకా ఉన్నదనుకుంటే 15 ఏళ్ళకు సుమారు 1 లక్షా 72 వేలు, 21 ఏళ్ళకు సుమారు 2 లక్షల 77 వేలు అవుతుంది.

చదువుకు ఎప్పుడు తీయవచ్చు?

ఈ విషయం సభ్యులు బాగా గమనించాలి. చిన్న తరగతుల ఫీజులకు ఈ ఖాతా నుంచి డబ్బు రాదు. పిల్లకు 18 ఏళ్ళు నిండాక గాని, పదో తరగతి పాసయ్యాక గాని, ఏది ముందయితే అప్పటినుంచి పై చదువుకు తీయవచ్చు. అంతకుముందు ఆర్థిక సంవత్సరాంతానికి ఉన్న నిల్వలో సగం దాకా ఇస్తారు. కళాశాలలో సీటు వచ్చిన పత్రం, ఫీజు రసీదు వంటివి చూపాలి. ఫీజు ఎంతో అంతవరకే ఇస్తారు. ఒకేసారి గాని, ఏడాదికొకసారి చొప్పున ఐదేళ్ళదాకా గాని తీసుకోవచ్చు.

బడి ఫీజులకు వేరే ఏర్పాటు చేసుకోవాలి. తపాలా కార్యాలయంలో వెయ్యి రూపాయలతో మొదలయ్యే ఏడాది గడువు డిపాజిట్ ఉన్నది. శీతాకాలపు బిల్లులో కొంత అందులో వేసినా, పొదుపు ఖాతాలో ఉంచినా మరుసటి జూన్‌కు ఆదుకుంటుంది.

పన్ను సంగతి

వ్యవసాయ ఆదాయంపై కేంద్ర ఆదాయపు పన్ను లేదు. కాని పాల అమ్మకంపై వచ్చే ఆదాయాన్ని చట్టం వ్యవసాయ ఆదాయంగా లెక్కించదు. మన సభ్యుల్లో చాలామంది రాబడి పన్ను పరిమితికి లోబడే ఉంటుంది. పెద్ద పాడి ఉన్నవారు, ఇంట్లో ఉద్యోగస్థులున్నవారు మాత్రం దీనిని గుర్తుంచుకోవాలి.

ఈ ఖాతాలో కట్టిన సొమ్ముకు, ఇతర పొదుపులతో కలిపి ఏడాదికి లక్షన్నర వరకు, పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి మినహాయింపు ఉన్నది. కొత్త విధానంలో అది లేదు. అయితే వచ్చే వడ్డీకి, గడువు తీరాక చేతికందే మొత్తానికి రెండు విధానాల్లోనూ పన్ను లేదు. బ్యాంకు డిపాజిట్ వడ్డీకి ఈ సౌకర్యం లేదు.

మగపిల్లలకు?

వారికి 1968 నుంచి ఉన్న పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ అనుకూలం. ఏడాదికి కనీసం 500 రూపాయలు, గడువు 15 ఏళ్ళు. దీని వడ్డీకీ పన్ను లేదు. ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి పరిమితికి లోబడి కొంత తీసుకోవచ్చు. పిల్లవాడిని ఒకటో తరగతిలో వేసినప్పుడే తెరిస్తే హైస్కూలు చదువు నాటికి అక్కరకు వస్తుంది.

సభ్యులకు ఒక మాట

పద్దెనిమిదేళ్ళు నిండాక సుకన్య ఖాతాను పిల్ల పెళ్ళి కారణంగా మూసి మొత్తం తీసుకోవడానికి కూడా నిబంధనలు అనుమతిస్తాయి. ఆ వయసు వచ్చేసరికి బంధువులు ఆ మాటే చెప్పవచ్చు. చదువుకని దాచిన డబ్బు చదువుకే ఖర్చు కావాలని మా అభిప్రాయం. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఖాతా నడిపే హక్కు పిల్లదే గనుక, పుస్తకం ఆమెకు ముందునుంచే చూపించి, తన పేర ఎంత ఉన్నదో తెలిసేట్టు చేయాలి.

సంఘ కార్యదర్శులు ఈ వివరాలను సభ్యులకు చదివి వినిపించాలి. పదేళ్ళలోపు ఆడపిల్లలున్న ఇళ్ళ జాబితా తయారుచేసి, ఖాతా లేనివారిని తపాలా కార్యాలయానికి తీసుకువెళ్ళాలని కోరుతున్నాము. పదేళ్ళు నిండితే ఆ అవకాశం మళ్ళీ రాదు.