మనసులోని మాట, తరగతిలోని జవాబు

ఉపాధ్యాయుడు ప్రశ్న అడుగును. విద్యార్థి లేచి నిలబడి మౌనముగా నుండును. "పాఠము చదువలేదు" అని మనము వెంటనే తీర్మానించుకొందుము. కాని తెలియుట వేరు, తెలిసినదానిని మాటగా వెలికి తెచ్చుట వేరు. ఈ రెంటికి నడుమ మనసులో పెద్ద యంత్రాంగమే పని చేయుచున్నది. ఆ యంత్రాంగమును గూర్చి ఉపాధ్యాయుడు కొంతయైనను తెలిసికొనవలెను. ఏన్కూరు వంటి చోట పని చేయువారికి ఇది మరింత అవసరము.

మాట పుట్టుకను కంటితో చూడలేము. అందుచేత శాస్త్రజ్ఞులు మొదట ఆశ్రయించినది తప్పులను. ఆస్ట్రియా దేశపు భాషావేత్త రుడాల్ఫ్ మెరింగర్ 1895లో నోటి తడబాట్లను సేకరించి ఒక గ్రంథముగా ప్రకటించెను. అమెరికాలో విక్టోరియా ఫ్రామ్కిన్ 1971లో ఇట్టి తడబాట్లనే ఆధారముగా గొని మాట నిర్మాణమును వివరించెను. మన తరగతి నుండియే ఒక ఉదాహరణ తీసికొందము. "చాక్‌పీస్" అనబోయి ఒకరు "పాక్‌చీస్" అందురు. పిల్లలు నవ్వుదురు. కాని ఇందులో గొప్ప రహస్యమున్నది. రెండవ భాగపు తొలి ధ్వని, మొదటి భాగము నోట వెలువడకముందే సిద్ధమై యుండవలెను. లేనిచో అది ముందుకు దూకజాలదు. "కుండలో నీళ్లు పోయి" అనబోయి "నీళ్లలో కుండ పోయి" అనుట మరియొక రకము. మాటలు తారుమారైనవి గాని "లో" అను విభక్తి తన చోట తాను నిలిచినది. పైగా "నీళ్లు" అనునది దానికి తగినట్లు "నీళ్ల" అయినది. అనగా వాక్యపు చట్రము ఒక చోట, అందులో అమర్చు మాటలు మరియొక చోట తయారగుచున్నవన్నమాట. ఇక "ధమని" అనబోయి "సిర" అనుట మనకందరకు తెలిసినదే. అర్థములో ఇరుగుపొరుగైన మాటలు ఒకదాని చోట నొకటి వచ్చుచుండును.

ఇట్టి పరిశీలనలను, ప్రయోగములను సమన్వయించి నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు విల్లెమ్ లెవెల్ట్ 1989లో ఒక సిద్ధాంతమును ప్రతిపాదించెను. మొదట, చెప్పదలచినది భావముగా ఏర్పడును. ఇంకను దానికి భాష లేదు. తరువాత ఆ భావమునకు తగిన పదములు ఎన్నికై, వ్యాకరణపు చట్రములో కూర్చబడును. అటుపై వాని ధ్వనులు, అక్షరముల వరుస సిద్ధమగును. చివరకు నాలుక, పెదవులు, గొంతు కదలును. ఇంతలో మనసు తన మాటను తానే వినుచు తప్పు దొరలినచో సవరించుకొనుచుండును. బొమ్మను చూచి దాని పేరు చెప్పుటకు పెద్దవారికి సుమారు 0.6 సెకను పట్టును. అలవాటైన మాతృభాషలో ఈ పని ఇంత వేగముగా సాగును. రెండవ భాషలో అంతకంటె ఆలస్యమగును.

ఈ దశలు వేరువేరని చెప్పుటకు అందరి అనుభవములో నున్న నిదర్శనమొకటి కలదు: "నోట్లో నానుతున్నది గాని రావడము లేదు" అను స్థితి. రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్నీల్ 1966లో దీనిని ప్రయోగములో పరీక్షించిరి. మాట గుర్తు రాకున్నను అది ఏ అక్షరముతో మొదలగునో, ఎంత పొడవుండునో అనేకులు చెప్పగలిగిరి. ఆకు సూర్యకాంతితో ఆహారము తయారు చేసికొనునని బాగుగా నెరిగిన పిల్లవాడు "కిరణజన్య సంయోగక్రియ" అను మాట దగ్గర ఆగిపోవుటకు కారణమిదే. అర్థము దొరికినది, ధ్వని దొరకలేదు. అట్టివానికి "కి..." అని అందించినచో చాలును. పాఠమంతయు మరల చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఏన్కూరు సంగతి. ఈ మండలము ఖమ్మం జిల్లాలో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సరిహద్దున నున్నది. కోయ గూడెములు, లంబాడీ తండాలు గల ప్రాంతము. కోయ ద్రావిడభాష, గోండీకి చేరువైనది, తెలుగునకు బంధువు. లంబాడీ ఇండో-ఆర్య కుటుంబమునకు చెందినది. నీటిని లంబాడీ బిడ్డ "పాణి" అనును. గోండీ, కోయలలో "ఏర్" అనగా నీరు. మన "ఏరు" దానికి తోబుట్టువే, కాని అర్థము మారినది. ఇంట తెలుగే మాట్లాడు కోయ కుటుంబములును కలవు. కనుక పేరు చూచి భాషను ఊహించరాదు.

మాటలు నేర్చుట సులభము, చట్రము మార్చుట కష్టము. తెలుగు బహువచనములో స్త్రీపురుషులకు ఒకే క్రియారూపము, జంతువులకు, వస్తువులకు వేరొక రూపము. గోండీ, కోయలలో పురుషులకు ఒకటి, స్త్రీలకు వస్తువులకు కలిపి ఒకటి. అందుచేత కోయ బాలుడు తెలుగులో "అమ్మాయిలు వచ్చాయి" అన్నచో అది మందబుద్ధి కాదు, అమర్యాద అంతకంటె కాదు. భావము సరియే, పదములు సరియే. చట్రము మాత్రము ఇంటిది. దానిని చూచి నవ్విన తరగతిలో ఆ బాలుడు మరునాడు నోరు తెరువడు.

రాజ్యాంగములోని 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన ఉండవలెనని 1956 నుండి చెప్పుచున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయ, బంజారాతో సహా 8 గిరిజన భాషలలో బహుభాషా విద్యాకార్యక్రమము ఆరంభమైనది. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1 మొదలు 8 వరకు ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. అనగా తండా బిడ్డ ఇంట ఒక భాషలో తలచి, తెలుగులో విని, ఇంగ్లీషులో జవాబు చెప్పవలెను. హైస్కూలు ఉపాధ్యాయుని చేతికి వచ్చుసరికి ఈ భారమంతయు అతని మౌనములో దాగియుండును.

మనము చేయగలిగినదేమి? ఒకటి, అందరిచేత ఒక్క గొంతుతో వల్లె వేయించుట. దీనిని నేను నిందింపను. ఉచ్చారణకు, జ్ఞాపకమునకు అది మేలే. కాని వల్లె వేయునప్పుడు పని చేయునది చాలవరకు చివరి దశలే. భావమేర్పరచుట, మాటనెన్నుకొనుట, వాక్యము కట్టుట అక్కరలేదు. స్వయముగా కల్పించిన మాట చదివిన మాటకంటె బాగుగా జ్ఞాపకముండునని స్లామెక్కా, గ్రాఫ్ అనువారు 1978లో చూపిరి. కనుక "ఆవిరి కావడమంటే ఏమిటి?" అని నిర్వచనమడుగుటకంటె, "తడిబట్ట నీడలోకూడ ఎందుకారును?" అని అడుగుట లాభకరము. ముందు పక్కవానితో తన భాషలో మాట్లాడుకొననిచ్చి, పిమ్మట తెలుగులోనో ఇంగ్లీషులోనో చెప్పమన్నచో మొదటి దశ భారము తీరిపోయి, మాటల కూర్పునకు తీరిక చిక్కును. చెప్పుచుండగా నడుమ ఆపి దిద్దరాదు. వాక్యము పూర్తియైన పిదప సరియైన రూపమును మనము పలికి వినిపించినచో చాలును.

రెండవది వేచియుండుట. అమెరికాలో మేరీ బడ్ రో సైన్సు తరగతులను పరిశీలించి 1974లో ప్రకటించిన ఫలితములివి: ఉపాధ్యాయులు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుచున్నారు. దానిని 3 సెకనులకు పెంచగా జవాబులు దీర్ఘమైనవి, మౌనము తగ్గినది, ఎన్నడును చేయెత్తనివారు చేయెత్తిరి. మాతృభాషలోనే 3 సెకనులు కావలసినచో మూడవ భాషలో మాట్లాడు బిడ్డకు ఇంకెంత కావలెనో ఊహించుడు. గడియారము చేతబట్టి రేపటి తరగతిలో ఒక్కమారు లెక్కించి చూడుడు. ఆ 3 సెకనులు బల్లముందు నిలిచినవారికి ఎంత పొడవుగా తోచునో అప్పుడు తెలియును.