దీపాల రేవులో వెన్నెల

వాన అప్పుడే వెలిసినట్లున్నది. రాళ్లు పరచిన వీధి ఇంకా తడిగానే ఉన్నది. ఒకవైపు ఓడల తెరచాప కొయ్యలు, వాటి మోకులు, ఆకు రాలిన తోపువలె ఆకాశానికి అడ్డముగా నిలిచి ఉన్నవి. మరొకవైపు దుకాణాల అద్దాలలోనుండి గ్యాసు దీపాల పసుపు వెలుగు వీధిమీదికి ఒలుకుతున్నది. బండ్లు కదలుతున్నవి, మనుష్యులు నడుస్తున్నారు. ఎవరి ముఖమూ స్పష్టము కాదు. 1887లో జాన్ ఆట్కిన్సన్ గ్రిమ్‌షా రచించిన ‘వెన్నెలలో లివర్‌పూల్ రేవు’ అనే తైలవర్ణ చిత్రమిది. నేడది లండన్‌లోని టేట్ చిత్రశాల సొత్తు.

గ్రిమ్‌షా 1836లో లీడ్స్ నగరంలో జన్మించాడు. ఏ కళాశాలలోనూ చిత్రలేఖనం నేర్చినవాడు కాడు. రైల్వే కంపెనీలో గుమాస్తా. మతనిష్ఠాపరులైన తల్లిదండ్రులకు కుమారుని వ్యాపకం రుచించలేదు. అయినను 1861లో ఆ కొలువు వదలి కుంచెనే నమ్ముకొన్నాడు. 1893లో మరణించేనాటికి ఉత్తరాలుగాని, దినచర్యలుగాని మిగల్చలేదు. అందుచేత అతని చిత్రానికి అర్థం చిత్రంలోనే వెదకికొనవలసి ఉన్నది.

ఇందులో వెలుగులు రెండు. పైనుండి దిగేది చల్లనిది, ఆకుపచ్చ కలసిన బూడిదవన్నెది. ఓడలను, మేడలను, మనుష్యులను భేదం లేకుండా తాకుతుంది. కింద వెలిగేది వెచ్చనిది, కాని దానికి యజమాని ఉన్నాడు. ఈ రెండింటినీ కలిపేది తడిసిన వీధి. నేల పొడిగా ఉంటే దీపం దుకాణంలోనూ, వెన్నెల మబ్బులలోనూ ఉండిపోయేవి. వాననీటిలో మాత్రం అవి ఒకదానిలో ఒకటి కరిగిపోయినవి. పలుచని రంగుపూతలను పొరలు పొరలుగా వేయడంవల్ల కుంచె జాడ దాదాపు కనబడదు. అవి అసలు వర్ణచిత్రాలేనా అని ఆనాటివారు కొందరు శంకించారు కూడా. కటకం సహాయంతో రేఖలను తెరపైకి దింపుకొనేవాడని మరొక ఆక్షేపణ. కటకం గీతను ఇస్తుంది సరే. ఏ దీపాన్ని ఎంత తగ్గించాలో అది చెప్పగలదా?

ఈ చిత్రం ముందు నిలిచినవారికి మొదట కలిగేది ప్రశాంతి. కొంతసేపటికి అది దిగులుగా మారుతుంది. కారణం ఆ పసుపు వెలుగులోనే ఉన్నది. అది ఇంటి దీపం కాదు, అంగడి దీపం. గ్యాసు వచ్చిన తరువాత ఆంగ్లదేశపు అంగళ్లకు సూర్యాస్తమయంతో పని లేకపోయింది. పదునెనిమిదేండ్లు నిండని పనివారిచేత అంగళ్లలో వారానికి 74 గంటలకు మించి పని చేయించరాదని బ్రిటిష్ పార్లమెంటు 1886లో చట్టం చేయవలసి వచ్చింది. అంటే, భోజన విరామం కలుపుకొని రోజుకు పన్నెండు గంటలకు పైమాటే! చిత్రం పుట్టినది ఆ మరుసటి ఏడు. ఇది తెలిసినవారికి ఆ అద్దాల వెనుక నిలబడి నిలబడి కాళ్లు లాగే పిల్లలు స్ఫురింపక మానరు. గ్రిమ్‌షా వారిని చూపలేదు.

చూపకపోవడం దోషమా? టర్నర్ 1835లో, విక్టోరియా రాణి పట్టాభిషేకానికి మునుపే, టైన్ నదిపై వెన్నెల రాత్రి చిత్రించాడు. అందులో కాగడాల వెలుతురున ఓడలకు బొగ్గు ఎత్తే కూలీలు కళ్ల ఎదుట ఉన్నారు. గ్రిమ్‌షా రేవులో శ్రమ కనబడదు, మసి కనబడదు. అతడు గ్లాస్గో, హల్, విట్బీ రేవులను ఇదే వెన్నెలలో ముంచి ఎన్నోమార్లు చిత్రించాడు. కొన్ని కేవలం గిరాకీ కోసమే వేసినట్లు తోస్తవి. 1880 ప్రాంతాన ఆర్థికపుటిబ్బందులు పడినవానిని అందుకు మరీ నిందించడమూ తగదు. నిశాచిత్రాలకు పేరొందిన విస్లర్ సైతం ఈ వెన్నెల రచనలకు జోహారు అర్పించాడని ప్రతీతి.

లివర్‌పూల్ చిత్రాన్ని మాత్రం గిరాకీ లెక్కలో వేయరాదు. అక్కడ ఓడలు లంగరు వేసి ఉన్నవి, అంగళ్లు తెరచి ఉన్నవి. ఆ నడుమ బాటసారులు అటు ఎక్కక, ఇటు చొరక, తడినేలపై తమ నీడలను తొక్కుకొంటూ సాగిపోతున్నారు.