అవుసుల చదువు

అవుసుల పని ఎలా అబ్బుతుందో మన సాహిత్యం అంతగా పట్టించుకోలేదు. బీర్కూర్ వంటి తెలంగాణ పల్లెల్లో దానికి బడి కుంపటే. కుర్రవాడు ముందు ఊదుగొట్టం పట్టాలి. మంట రంగు కంటికి తెలిశాకే కమ్మచ్చులో తీగ లాగటం, వెలిగారం వేసి అతకటం. ఆకురాయి కింద రాలిన రజను ఏరటమూ చదువే. (తల్లి బంగారమైనా దొంగిలిస్తాడన్న సామెత తరుగును చూసింది గాని, కూలి లేని ఆ ఏళ్లను చూడలేదు.) నగను ఊహించేవాడూ, చేసేవాడూ ఒక్కడే.

1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన కొత్త నగల తయారీని నిషేధించి ఎన్నో కుంపట్లను ఆర్పాయి. 1968 నాటి నియంత్రణ చట్టం 1990లో రద్దయింది. లాభపడినవి పెద్ద దుకాణాలు. ఇప్పుడు డిజైనర్ కంప్యూటర్ మీద గీస్తాడు, మైనపు నమూనాను బట్టి కార్ఖానాలో పోతపోస్తారు. అవుసలికి అతుకూ మెరుగూ మిగిలాయి.