మోకాలికి తిండి నడకే

పొద్దున మంచం దిగి కాళ్లు కింద పెట్టగానే మోకాలు పట్టేసినట్టు ఉంటుంది. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేస్తే కాస్త సడలుతుంది. సాయంత్రం చేను నుంచి ఇల్లు చేరేసరికి మళ్లీ సలుపు. మన రుద్రవరంలో ఏ వీధి అరుగు మీద కూర్చున్నా యాభై దాటిన ఆడవాళ్ల నోట ఈ మాట వినపడుతుంది. దాని వెనకే ఇంకో మాట కూడా వస్తుంది: "గుజ్జు అరిగిపోయిందంట, ఇక నడవకూడదంట." పిల్లలూ, ఈ రెండో మాట సంగతే ఈ పూట మీకు చెప్పాలనుకుంటున్నాను. ఇళ్లలో అవ్వలకూ పెద్దమ్మలకూ చెప్పాల్సింది మీరే కదా.

మోకాలిలో రెండు ఎముకలు కలిసేచోట వాటి చివర్లకు నున్నటి తెల్లటి పొర ఉంటుంది. డాక్టర్లు దాన్ని మృదులాస్థి అంటారు, మనవాళ్లు గుజ్జు అంటారు. మందం కొద్ది మిల్లీమీటర్లే. అందులో ముక్కాలు వంతు దాకా నీళ్లే. ఆశ్చర్యం ఏమిటంటే ఆ పొరకు రక్తనాళాలు లేవు. ఒంట్లో మిగతా భాగాల్లో దాదాపు అన్నిటికీ రక్తం తిండి మోసుకొస్తుంటే, దీనికి మాత్రం కీలులో ఉండే జిగురు ద్రవమే ఆధారం. అడుగు వేసినప్పుడు బరువు పడి పొర నొక్కుకుంటుంది, లోపలి నీరు బయటికి వస్తుంది. అడుగు ఎత్తగానే కొత్త ద్రవం లోపలికి పోతుంది. తడిగుడ్డను పిండి మళ్లీ నీళ్లలో వదిలినట్టే ఈ పని. కదలిక లేకపోతే ఆ పొరకు పస్తే. ఇక కాలు కదపకుండా కూర్చుంటే కీలు బాగుపడుతుందని ఎలా అనుకుంటాం?

ఆ పొరకు నరాలు కూడా లేవు. అంటే అది పలచబడినంత మాత్రాన అదే నొప్పి పెట్టదు. నొప్పి కింది ఎముకలోంచి వస్తుంది, కీలు చుట్టూ ఉన్న సంచి వాచినందువల్ల వస్తుంది, బలం తగ్గిన కండరం మీద భారం పడినందువల్ల వస్తుంది. అందుకే ఎక్స్‌రేలో కీలు బాగా దెబ్బతిన్నట్టు కనిపించినా హాయిగా తిరిగేవాళ్లున్నారు, ఫిల్ములో పెద్దగా ఏమీ లేకపోయినా మూలిగేవాళ్లున్నారు. ఫిల్ము చూసి గుండె జారిపోయి మంచం పట్టడం అన్నిటికంటే పెద్ద నష్టం. నాలుగు వారాలు కూర్చుంటే తొడ ముందు కండరం సన్నబడుతుంది. కీలుకు ఊతం ఇచ్చేదే ఆ కండరం. అది తగ్గితే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే ఇంకా కూర్చుంటాం.

మన దేశంలో 2016లో అచ్చయిన ఒక సర్వేలో మోకీళ్ల జబ్బు 28.7 శాతం మందిలో కనిపించింది. మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువ. మనవైపు నడుము వంచి నాట్లు వేసేది వాళ్లే, మిరపకాయలు తెంచేది వాళ్లే, కలుపు తీస్తూ గంటలకొద్దీ గొంతుక్కూర్చునేదీ వాళ్లే. చైనాలో బీజింగ్ నగరంలో అరవై దాటినవాళ్లను పరీక్షించి, పాతికేళ్ల వయసులో రోజుకు ఎంతసేపు గొంతుక్కూర్చునేవారో అడిగారు. ఎక్కువసేపు అలా కూర్చున్నవాళ్లకు మోకాలి జబ్బు ఎక్కువగా తేలింది. అదే ఊళ్లో తుంటి కీలు అరుగుదల మాత్రం అమెరికా తెల్లవాళ్లతో పోలిస్తే చాలా తక్కువ. మనకూ తుంటి కంటే మోకాలి బాధే ఎక్కువ. అయినా ఒక సంగతి గుర్తుపెట్టుకోండి: తుంటి చెడితే నొప్పి గజ్జలో వస్తుంది, ఒక్కోసారి మోకాలిలోనే వచ్చినట్టు అనిపిస్తుంది. మోకాలికి ఎంత మందు రాసినా తగ్గకపోతే తుంటి కూడా చూపించాలి.

ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే శిల్పులు ఉలి పట్టి ఒకే తీరున కూర్చుంటారు. వాళ్లకైనా, కలుపు తీసే ఆడవాళ్లకైనా నేను చెప్పేది ఒకటే. పని మానమని చెప్పను. అరగంటకోసారి లేచి పది అడుగులు వేయండి. జానెడు ఎత్తు పీట వేసుకోండి. ఇంట్లో పొయ్యి గట్టు మీదికి ఎక్కించండి. మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చోలేని అవ్వకు కమోడ్ కుర్చీ కొనిపెట్టండి.

ఇక వ్యాయామం. డెన్మార్క్‌లో 2013 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. ముందు రెండు పాఠాలు చెబుతారు, ఈ కీలు ఏమిటి, ఎందుకు నొస్తుంది అని. తర్వాత వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు, ఫిజియోథెరపిస్టు పక్కనుండి కసరత్తు చేయిస్తారు. పాఠం ముందు పెట్టడం నాకు బాగా నచ్చింది. భయం పోనిదే మనిషి కాలు కదపడు.

మనింట్లో దీనికి కావలసింది గట్టి కుర్చీ ఒకటి. మెత్తటి సోఫా, కుంగిపోయే నులకమంచం పనికిరావు. కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక కాలు ముందుకు చాచి, మడమ నేల నుంచి లేపి, మోకాలి చిప్ప పైన తొడ గట్టిపడేదాకా బిగించాలి. అయిదు లెక్కపెట్టి మెల్లగా దించాలి. పదిసార్లు అయ్యాక రెండో కాలు. తర్వాత అదే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, మళ్లీ మెల్లగా కూర్చోవాలి. ధబీమని కూలబడితే ఫలితం సగం పోతుంది, దిగేటప్పుడు ఆపుకోవడంలోనే కండరానికి పని. మొదట అయిదుసార్లే చేయగలిగినా మంచిదే. తుంటి కోసం పక్కకు పడుకుని పై కాలు జానెడు ఎత్తి దించాలి. వీటికి తోడు రోజూ నడక, ఎండ ముదరకముందే, కాలవ గట్టున చదునుగా ఉన్న చోట.

"చేస్తుంటే నొస్తోంది, ఆపేయమంటావా?" అని అందరూ అడుగుతారు. సున్నా నుంచి పది దాకా నొప్పికి మార్కులు వేసుకోండి. రెండు దాకా చింత లేదు. అయిదు దాకా ఓర్చుకోవచ్చు. రేపు ఇదే వేళకు నొప్పి ఎప్పటి స్థాయికి వచ్చేస్తే ఏమీ చెడలేదని అర్థం. రాకపోతే రేపు కొంచెం తగ్గించి చేయండి, మానేయొద్దు. వారంలో అద్భుతం జరగదు. ఆరు, ఎనిమిది వారాలకు మోస్తరు ఊరట వస్తుంది, మానేస్తే అదీ పోతుంది.

తిండి దగ్గర చాలా అబద్ధాలు తిరుగుతున్నాయి. ఏది తిన్నా అరిగిన పొర మళ్లీ మొలవదు. ఆలుగడ్డ, వంకాయ తింటే వాతమని మానేసినంత మాత్రాన కీలు బాగుపడుతుందనడానికి ఆధారం లేదు. తిండి పనిచేసేది ఒంటి బరువు దారిలో. బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని అమెరికాలో 2005లో లెక్కకట్టారు. అయిదు కిలోలు తగ్గితే అడుగడుక్కీ ఇరవై కిలోలు. అక్కడే ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో ఏళ్ల తరబడి జనాన్ని గమనిస్తే, సుమారు అయిదు కిలోలు తగ్గిన ఆడవాళ్లకు మోకాలి జబ్బు వచ్చే ముప్పు సగానికి సగం పడిపోయింది. లావుగా ఉన్నవాళ్లు మూడుపూటలా అన్నం బదులు ఒకపూట జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తినండి. ఉగ్గాని పక్కన రోజూ బజ్జీలు వద్దు. టీలో చక్కెర తగ్గించండి. బుడ్డల పొడి మంచిదే, దాని మీద నూనె గరిటెలతో పోయడం వద్దు.

అయితే కూలికి పోయే మన అవ్వల్లో చాలామంది ఎండిన పుల్లల్లా ఉంటారు. వాళ్లకు బరువు తగ్గమని చెప్పడం అన్యాయం. వాళ్లకు కావలసింది కండ. రోజుకో గుడ్డు, గిన్నెడు పెరుగు, పప్పు, గుగ్గిళ్లు కడుపునిండా పెట్టి కసరత్తు చేయించాలి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అవ్వ కాళ్లకు బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ఒక్క సంగతిలో నేను మెత్తగా మాట్లాడలేను.

వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, పెట్టుకోండి. నొప్పి మాత్రలు మాత్రం రోజూ మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టొద్దు. గుజ్జు పెంచుతాయని అమ్మే గ్లూకోసమిన్ మాత్రల్ని అమెరికాలో 1583 మంది మీద పరీక్షించి 2006లో ఫలితం చెప్పారు. మొత్తం మీద అవి ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. సన్నగొట్టం పెట్టి కీలు కడిగే ఆపరేషన్ సంగతీ 2002లో తేలింది. హూస్టన్‌లో కొందరికి నిజంగా కడిగారు, కొందరికి చర్మం మీద గాటు పెట్టి కుట్టేశారు. ఇద్దరికీ ఊరట ఒకటే. కీలు మార్పిడి వేరు. రాత్రి నిద్ర లేక, ఇంట్లో నాలుగు అడుగులు కూడా వేయలేని స్థితికి వచ్చినవాళ్లకు అది మంచి దారి. అప్పుడు కూడా ముందునుంచి తొడ బలం పెంచుకున్నవాళ్లు త్వరగా లేచి తిరుగుతారు.

కీలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపోండి. పొద్దున బిగుసుకోవడం అరగంట దాటి, చేతివేళ్ల కీళ్లు కూడా వాస్తుంటే అది వేరే వాతం కావచ్చు, దాని మందులు వేరు.

అవ్వ అహోబిలం కొండెక్కుతానంటే వద్దనకండి. మెట్లు ఎక్కేటప్పుడు ఒంటి బరువుకు మూడు రెట్లకు పైగా భారం మోకాలి మీద పడుతుంది, దిగేటప్పుడు ఇంకాస్త ఎక్కువే. అందుకే రెండు నెలల ముందునుంచే కుర్చీ కసరత్తు చేయించండి. నొప్పి కుడి మోకాలిలో ఉంటే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, చాలామంది తిరగేసి పట్టుకుంటారు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పైమెట్టు మీద పెట్టాలి. దిగేటప్పుడు కర్రతో పాటు నొప్పి ఉన్న కాలు ముందు దించాలి.