కోటలు కట్టి, నేల కొలిచిన డి బ్రామ్

పొలం గట్టు తగాదా వచ్చినప్పుడు సర్వేయరు గొలుసు పట్టుకుని రావడం మన పెద్దవాళ్ళు చూసే ఉంటారు. ఆ గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు. ఇటు ఒక గొలుసు, అటు ఒక గొలుసు ఉంటే పది సెంట్ల నేల. ఇంగ్లీషువాళ్ళ ఈ కొలత మన ఊళ్ళకు వచ్చినట్టే అమెరికాకూ వెళ్ళింది. అక్కడ నేల కొలిచిన ఒక ఇంజనీరు గురించి ఈ వ్యాసం.

విలియం గెరార్డ్ డి బ్రామ్ 1718లో జర్మనీలోని కోబ్లెంజ్‌లో పుట్టాడు. సైన్యంలో ఇంజనీరుగా కెప్టెన్ హోదా వరకు ఎదిగాడు. కేథలిక్ మతాన్ని వదులుకోవడంతో సైన్యానికీ దూరమయ్యాడు. 1751లో నూట యాభై మందికి పైగా జర్మన్ ప్రొటెస్టెంట్లను వెంటబెట్టుకుని జార్జియా వలసకు చేరాడు. వారు నెలకొల్పుకున్న ఊరు బెథానీ. అంతవరకు జార్జియాలో బానిసత్వంపై నిషేధం ఉండేది. సరిగ్గా ఆ ఏడాదే అది తొలగిపోయింది. తర్వాత అక్కడి వరి పొలాల్లో చెమటోడ్చింది ఆఫ్రికన్ బానిసలే.

1754లో డి బ్రామ్ జార్జియా సర్వేయర్లలో ఒకడయ్యాడు. 1756లో చెరోకీల దేశంలో లౌడన్ కోటకు నమూనా గీశాడు. యుద్ధానికి వెళ్ళే తమ వీరుల కుటుంబాలకు రక్షణగా ఈ కోటను చెరోకీలే అడిగారు. ఆయన కోట చుట్టూ కందకంలో ముళ్ళచెట్లు నాటించాడు. కోట పూర్తికాక ముందే సైన్యాధికారితో గొడవపడి వెళ్ళిపోయాడు. తర్వాత ఇంగ్లీషువాళ్ళకూ చెరోకీలకూ స్నేహం చెడింది. 1760లో చెరోకీలు కోటను ముట్టడించారు. ముళ్ళు మనుషులను ఆపాయి గాని ఆకలిని ఆపలేదు. తిండి లేక ఆగస్టులో లోపలివాళ్ళు లొంగిపోయారు.

1757లో అచ్చయిన ఆయన దక్షిణ కరోలినా, జార్జియా పటం ఎంతో పేరు తెచ్చింది. 1764లో తూర్పు ఫ్లోరిడాకు, మొత్తం దక్షిణ జిల్లాకు సర్వేయర్ జనరల్ పదవి వచ్చింది. అయితే భూమి పొందినవారి నుంచి సర్వే రుసుము ఎక్కువ తీసుకుంటున్నాడని గవర్నర్ జేమ్స్ గ్రాంట్‌తో తగాదా వచ్చి, 1770లో ఆ ప్రాంతీయ పదవి నుంచి సస్పెండయ్యాడు. లండన్ వెళ్ళి తన వాదన వినిపించుకున్నాడు. 1772లో గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహాన్ని చూపే నావికుల పుస్తకం అచ్చువేశాడు. సుమారు 1799లో ఫిలడెల్ఫియాలో చనిపోయాడు.

ఆయన తెలివిని కాదనలేం. కానీ ఆయన కొలిచి పంచిపెట్టిన నేల ఖాళీ నేల కాదు. అక్కడ తరతరాలుగా మనుషులు బతుకుతున్నారు. పటం గీసింది ఒకరు, పట్టా పొందింది మరొకరు, నేల పోగొట్టుకుంది ఇంకొకరు.

చేతిలో డి-ఫారం పట్టా ఉన్నా, హద్దురాళ్ళు ఎక్కడున్నాయో తెలియని ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. అందుకే చదువుకున్న మనం ఉద్యోగంతోపాటు ఎఫ్.ఎం.బి. పటం చదవడం, అడంగల్ చూడడం కూడా నేర్చుకోవాలి. గొలుసు ఒక కొసను ఎవరో పట్టుకుంటారు. రెండో కొస దగ్గర మనం నిలబడాలి.