యానామునకు ఇచ్చిన ఆఱు నెలల గడువు

కాకినాడనుండి అమలాపురమునకు బస్సులో పోవువారు తాళ్లరేవు దాటిన కొంతసేపటికి యానాములో ప్రవేశించి, గౌతమిపై వంతెన దాటి ఎదుర్లంక చేరుదురు. ఆ నడుమ కొన్ని నిమిషములు తాము ఆంధ్రప్రదేశమును విడిచి, ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న పుదుచ్చేరి ప్రభుత్వపు నేలపై నున్నట్లు చాలమందికి తోచనే తోచదు. భాష యొకటి, పైరు లొకటి, వియ్యములు నొకటే. అయినను 1962వ సంవత్సరమున ఈ చిన్న పట్టణపు జనులకు, మన డెల్టాలో మఱి యెవరికిని ఎదురుకాని ప్రశ్న యొకటి ఎదురైనది. నీవు ఏ దేశపు పౌరుడవుగా నుండగోరుదువు? వేఱుగ కోరినచో ఆఱు నెలలలో వ్రాసి యిమ్ము.

పౌరసత్వమను మాట యానామువారికి క్రొత్తది కాదు. 1871 తరువాత ఫ్రెంచి స్థావరములవారు పారిసునందలి శాసనసభకు తమ ప్రతినిధి నొకరిని ఎన్నుకొనుచుండిరి. పొలిమేర దాటిన బ్రిటిషు గ్రామములలో అట్టి హక్కు కలలోనికి గూడ రాని కాలమది. ఆ సమానత చాలవఱకు పేరునకే యనుటయు నిజమే. ఓటర్ల పట్టికలు ఐరోపావారికి వేఱు, దేశీయులకు వేఱు. 1881 సెప్టెంబరు 21వ తేదీ నాటి ఫ్రెంచి ఉత్తరువు ననుసరించి, తమ కులాచార ధర్మములను వదలుకొనుచున్నట్లు ప్రకటించినవారు ఫ్రెంచి పౌరస్మృతికి లోబడవచ్చును. ఒకమాఱు వదలుకొన్న పిమ్మట వెనుకకు మళ్లుటకు వీలు లేదు. అదే సంవత్సరము డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తమ తొలి వితంతు వివాహమును జరిపించిరి. అందులకు అనుమతి నిచ్చు శాసనము 1856లోనే పుట్టియున్నది. పుట్టిన పాతికేండ్లకు గాని ఈ గడ్డపై దానిని వాడుకలోనికి తెచ్చు పౌరుడు దొరకలేదు.

వాడుకలోనికి తెచ్చుటయే కాదు, తప్పించుకొనుటయు మనవారికి బాగుగనే తెలియును. శారదా శాసనము 1930 ఏప్రిలు 1నుండి అమలునకు వచ్చినది. బాలికకు 14, బాలునకు 18 ఏండ్లు నిండనిదే పెండ్లి చేయరాదనెను. ఇది తెల్లవారు మన నెత్తిన రుద్దినది కాదు. హరవిలాస శారదాగారు ప్రతిపాదింపగా కేంద్ర శాసనసభ ఆమోదించినది. అయితే ఫ్రెంచి గడ్డపై అది చెల్లదు. అంతట మన పెద్దలు పెండ్లిబండ్లు కట్టించి యానామునకు తరలిరి. ఆ యూరికి కల్యాణపురమను పేరు గూడ వచ్చినది. స్వరాజ్యము కావలెనని కోరుచున్న కాలముననే, స్వదేశీయులు కోరి చేయించుకొన్న శాసనమును తప్పించుకొనుటకై పరదేశపు జెండా నీడను ఆశ్రయించితిమి. ఈ ముచ్చటను యానాము వింతగా చెప్పుకొనుట అలవాటైనది గాని, సిగ్గుపడవలసినది పొలిమేర కీవలివారే.

1954 జూను 13న దడాల రఫేల్ రమణయ్యగారు మొదలగువారి నాయకత్వమున యానాము ఫ్రెంచి పాలనను త్రోసిపుచ్చినది. అక్టోబరు 18న కీళూరులో స్థావరముల ప్రజాప్రతినిధులు 178 మంది ఓటు వేయగా, భారతదేశముతో చేరుటకు 170 మంది అనుకూలించిరి. 8 మంది వ్యతిరేకించిరి. సామాన్య జనులను నేరుగా అడుగలేదు. అడిగినను ఫలితము మాఱియుండెడిది కాదేమో, కాని అడిగియుండినచో బాగుండెడిదని మా అభిప్రాయము. నవంబరు 1న పరిపాలన చేతులు మాఱినది.

పాలన వచ్చినది గాని గడ్డ రాలేదు. సంధిపత్రముపై 1956 మే 28న సంతకములైనను, ఫ్రెంచి పార్లమెంటు ఆమోదము 1962 జూలై వఱకు లభింపలేదు. మస్తాన్ సాహెబు వ్యాజ్యములో సుప్రీముకోర్టు ప్రశ్నింపగా, ఆ స్థావరములు శాసనరీత్యా ఇంకను భారత భూభాగము కాలేదని కేంద్రప్రభుత్వమే విన్నవింపవలసి వచ్చెను. ఎనిమిదేండ్ల కాలము యానామువాడు భారతాధికారుల యేలుబడిలో నుండి, శాసనము దృష్టిలో ఫ్రెంచి జాతీయుడుగనే యుండెను.

1962 ఆగస్టు 16న సంధి అమలునకు వచ్చినది. దానికి అనుగుణముగ, 1955 నాటి పౌరసత్వ శాసనపు 7వ సెక్షను క్రింద పుదుచ్చేరి పౌరసత్వ ఉత్తరువు వెలువడెను. ఈ నిబంధనలను నెమ్మదిగ చదువవలెను. స్థావరములలో పుట్టి అచ్చటనే నివసించువాడు ఊరకున్నచో భారతపౌరుడగును. కాకినాడలోనో రాజమహేంద్రవరములోనో కాపురమున్న యానామువాడును అంతే. ఫ్రెంచి జాతీయత నిలుపుకొనగోరువాడు ఆఱు నెలలలోపల వ్రాసి యీయవలెను. కాని అదే యానాములో పుట్టి, సైగావులోనో పారిసులోనో స్థిరపడిన అతని తమ్ముడు ఊరకున్నచో ఫ్రెంచి జాతీయుడుగనే నిలుచును. భారతపౌరసత్వము కావలెనన్నచో అతడే వ్రాసి యీయవలెను. ఒకే తల్లి బిడ్డలు, ఒకే మౌనము. శాసనము దానిని రెండు విధములుగ చదివినది. పదునెనిమిదేండ్లు నిండని అవివాహిత సంతానము తండ్రి కోరికను అనుసరింపవలసినదే. ఆ తండ్రి సోమరితనమో తొందరపాటో బిడ్డల జీవితమునకు ముద్ర యగును. ఫ్రెంచి జాతీయతను నిలుపుకొన్న కొన్నివేలమందిలో అత్యధికులు పుదుచ్చేరి, కారైకాలులవారు. సైనికోద్యోగములు, పింఛనులు, పైదేశముననున్న బంధువులు, ఎవరి కారణములు వారివి. వారిని నిందింప బనిలేదు. వారు చదివి, ఆలోచించి, సంతకము చేసిరి.

చదువనివారి గతి తెలియుటకు దూరము పోనక్కఱలేదు. యానామునకు పొరుగుననే కోరంగి కలదు. అచ్చటి రేవు పేరుననే, బర్మాకు పోయిన తెలుగువారిని రంగూనులో కోరంగీలని పిలిచెడివారు. రేవులలో మూటలు మోసి, బియ్యపు మరలలో పాటుపడి ఆ పట్టణమును నిలిపినవారిలో వారొకరు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైన పిమ్మట, అచ్చటి భారతీయులలో పలువురు పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టుకొనవలసి యుండెను. చాలమంది పెట్టలేదు, పెట్టినవారందఱికి పత్రములు రాలేదు. 1962 మార్చి 2న సైన్యము అధికారమును చేజిక్కించుకొని, తరువాతి రెండేండ్లలో దుకాణములను జాతీయము చేయగా, లక్షలకొలది భారతీయులు ఆ దేశమును విడువవలసినవారైరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపను పేరు నేటికిని వినబడుచున్నది. వ్రేలిముద్ర వేయు కూలివానిని ఇందులకు తప్పు పట్టుట న్యాయము కాదు. గడువును గూర్చి చదివి చెప్పవలసిన అక్షరాస్యులు ఆ వీథులలోనే యుండిరి గదా!

నేడు మన డెల్టా కుటుంబములలో అనేకమునకు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో బిడ్డలు కలరు. కోరి పరదేశ పౌరసత్వము పొందినవాని భారతపౌరసత్వము 9వ సెక్షను ప్రకారము తనంతట తానే పోవును. విడుదలపత్రము వ్రాయలేదు గనుక ఉన్నదనుకొనుట పొరపాటు. అట్టివారికిచ్చు విదేశస్థ భారతపౌరుని కార్డులో పౌరుడని యున్నను, దానితో ఓటు రాదు, వ్యవసాయభూమి కొనరాదు. తాతల మాగాణి వారసత్వముగ వచ్చినచో ఉంచుకొనవచ్చును. విదేశమున పుట్టిన బిడ్డకు భారతపౌరసత్వము కావలెనన్నచో ఏడాదిలోపల భారత రాయబార కార్యాలయమున నమోదు చేయింపవలెను. మనుమని నామకరణమునకు విమానమెక్కు తాతగారు ఈ మాట ఒకమాఱు అడిగి వచ్చుట మంచిది.

ఇక ఊరిలో నున్నవారి మాట. 1976లో 42వ సవరణచే రాజ్యాంగమున పౌరవిధులు చేర్చబడినవి; 2002లో బిడ్డలను చదివించు విధిని పదునొకండవదిగ కలిపిరి. వీనిలో ఓటర్ల పట్టిక మాట లేదు. 1791 నాటి ఫ్రెంచి రాజ్యాంగము మూడు దినముల కూలికి సమమైన పన్ను కట్టువానినే క్రియాశీల పౌరుడనెను. ఆ కొలతకు మన భూస్వాములందఱు తులతూగుదురు. కాని ముసాయిదా పట్టిక ప్రకటించిన దినమున దానిని చదువబోవువారు ఎందఱు? తమ పొలమున పనిచేయువాని పేరు, అతని భార్య పేరు అందు కలదో లేదో చూచినవారు ఎందఱు? చేర్చుటకు 6వ ఫారము, చనిపోయినవారి పేర్లు తొలగించుటకు 7వ ఫారము, తప్పులు దిద్దుటకు 8వ ఫారము కలవు. అభ్యంతరములకు గడువు యానామువారికి ఇచ్చినంత పెద్దది కాదు. కొలది వారములు మాత్రమే.